గోడకెక్కిన బొంత

ఆలిస్ వాకర్ కథ 'ఎవ్రీడే యూజ్'లో పెద్దకూతురు డీ, అమ్మమ్మ నాటి పాత క్విల్టులు తనకే కావాలని పట్టుబడుతుంది. ఇస్తే ఏం చేస్తావని తల్లి అడుగుతుంది. వేలాడదీస్తానంటుంది డీ. ఈ కథ మీద వచ్చిన వ్యాసాలు చాలావరకు ఈ జవాబు దగ్గరే తీర్పు రాసేస్తాయి. కప్పుకోవడం మంచిది, గోడకి తగిలించడం చెడ్డది. చిన్నకూతురు మ్యాగీ అసలైన వారసురాలు, డీ సొంతింటికి టూరిస్టుగా వచ్చిన మనిషి. అక్కడితో సరి.

నాకు మాత్రం ఆ మాట దగ్గర ఇంకో ప్రశ్న అడగాలనిపిస్తుంది. వేలాడదీస్తుంది సరే, ఎలా? నాలుగు మేకులు కొట్టా? క్లిప్పులు పెట్టా? కర్టెన్ రాడ్‌కి తగిలించా? అద్దం వెనక ఫ్రేములో బిగించా?

ఇంజనీర్ బుద్ధి అనుకోండి. ఆఫీసులో ఎవరైనా "దీన్ని ప్రొడక్షన్‌లో పెట్టేద్దాం" అంటే, ఎలా పెడతారో తేలేదాకా ఆ మాటకి విలువుండదు. "వేలాడదీస్తాను" కూడా అలాంటి మాటే. పద్ధతి తెలిస్తే తప్ప అది ప్రేమో, దోపిడీయో, వట్టి సోకో చెప్పలేం. కథ ఆ సంగతి చెప్పదు. విమర్శకులు అడగరు. కాబట్టి ఇక్కడ అడుగుదాం.

*

కథ చదవనివాళ్ళ కోసం రెండు ముక్కలు. 1973లో వచ్చింది. అమెరికా దక్షిణాదిలో ఒక నల్లజాతి పల్లె ఇల్లు. కథ చెప్పేది తల్లి. మోటు పని చేసి బతికిన మనిషి, పెద్దగా చదువుకోలేదు. పాత ఇల్లు తగలబడినప్పుడు ఒళ్ళు కాలిన మచ్చలతో, ఎవరికీ ఎదురుపడకుండా ఒదిగి ఒదిగి తిరిగే అమ్మాయి మ్యాగీ. పట్నంలో చదువుకుని, పేరు వాంగెరోగా మార్చుకుని, పోలరాయిడ్ కెమెరాతో ఇంటికొచ్చిన అమ్మాయి డీ. వచ్చీ రాగానే ఫోటోలు తీస్తుంది. చిలికే కుండ మూత, కవ్వం కావాలంటుంది, అలంకరణకి. ఆ తర్వాత పెట్టెలోంచి రెండు క్విల్టులు తీస్తుంది.

ముక్కలు అతికింది గ్రాండ్‌మా డీ. వాటిని వరండాలో చట్రానికి బిగించి కుట్టింది తల్లి, పెద్దమ్మ బిగ్ డీ. అందులో అమ్మమ్మ యాభై ఏళ్ళ కిందటి గౌన్ల ముక్కలున్నాయి. తాత చొక్కాల ముక్కలున్నాయి. అగ్గిపెట్టెంత వెలిసిపోయిన నీలం గుడ్డ ఒకటుంది, అది అమెరికా అంతర్యుద్ధంలో ముత్తాత వేసుకున్న యూనిఫాంలోది. తల్లి ఆ బొంతలు మ్యాగీ పెళ్ళికి ఇస్తానని ఎప్పుడో మాటిచ్చింది. మ్యాగీకిస్తే రోజూ కప్పుకుని ఐదేళ్ళలో పీలికలు చేస్తుందని డీ గోల. పీలికలైతే మళ్ళీ కుట్టుకుంటుంది, దానికి కుట్టడం వచ్చు అని తల్లి ధీమా. చివరికి తల్లి వాటిని డీ చేతుల్లోంచి లాక్కుని మ్యాగీ ఒళ్ళో పడేస్తుంది.

క్విల్ట్‌ని బొంత అనొచ్చా అంటే, కొంచెం తేడాతో అనొచ్చు. అక్కడిది మూడు పొరలు. ముక్కలు అతికిన పై పొర, మధ్యలో దూది, కింద అస్తరు. మన బొంతలో చాలాసార్లు దూది ఉండదు. పాత చీరలో పంచెలో నాలుగైదు మడతలుగా పరిచి దగ్గరదగ్గరగా కుట్టేస్తారు. రెండింటిలోనూ సూత్రం ఒకటే. కట్టి కట్టి మెత్తబడిన గుడ్డని పారేయకుండా ఇంకో జన్మకి పంపడం.

*

ఇప్పుడు గోడ దగ్గరకి వద్దాం. మంచం మీద పరిచిన బొంత బరువుని మంచం మొత్తం మోస్తుంది. గోడకి పెట్టగానే కింది బట్ట బరువంతా పై అంచు మీద పడుతుంది. ఏళ్ళ తరబడి, పగలూ రాత్రీ. వేలాడదీసే పద్ధతులన్నీ ఈ ఒక్క లెక్కకి జవాబులే.

మేకులు, పిన్నులు అన్నిటికన్నా సుళువు, అన్నిటికన్నా చెడ్డవి. బరువు రెండు మూలలకి చేరుతుంది, నడుం జారుతుంది, మేకు గుచ్చిన చోట పాత నూలు చిరుగుతుంది. తుప్పు మరక సరేసరి. క్లిప్పులు గుడ్డకి చిల్లు పెట్టవు కానీ, పట్టుకున్న చోట నొక్కేస్తాయి, రెండు క్లిప్పుల మధ్య అంచు తోరణంలా వంగుతుంది. నాలుగు రోజుల ముచ్చటకైతే ఫర్లేదు.

మంచి పద్ధతి స్లీవ్. అంటే బొంత వెనక పై అంచు పొడుగునా కుట్టే బట్ట గొట్టం. లంగాకి బొందు దూర్చే మడతలాంటిదే, ఇంకొంచెం వెడల్పుగా. పోటీలకి పంపే క్విల్టులకి సాధారణంగా 4 అంగుళాల స్లీవ్ అడుగుతారు. అందులోంచి కడ్డీ దూర్చితే బరువు అంచంతా సమానంగా పంచుకుంటుంది. ఇందులో రెండు మెళకువలు. స్లీవ్‌ని బిగుతుగా కాక కొంచెం వదులుగా కుట్టాలి, లేకపోతే కడ్డీ ఉబ్బు ముందువైపు కనపడుతుంది. చేత్తో కుట్టాలి. సూది అస్తరుని మాత్రమే పడితే కొన్నాళ్ళకి అస్తరు చిరుగుతుంది. మధ్య పొరని కూడా పట్టాలి, ముందుకి మాత్రం రాకూడదు. కడ్డీ పచ్చి చెక్కదైతే అందులోని ఆమ్లాలు గుడ్డని పసుపెక్కిస్తాయి, కాబట్టి పూత పూసిన చెక్కో అల్యూమినియమో వాడతారు.

మ్యూజియంలు ఎక్కువగా వాడేది వెల్క్రో. బట్టలకి అంటుకునే ఉత్తరేణి గింజల పద్ధతే. మెత్తటి వైపుని మిషను మీద ఒక నూలు పట్టీకి కుడతారు, ఆ పట్టీని బొంతకి చేత్తో కుడతారు. కొక్కేల వైపు గోడ మీది చెక్కకి బిగిస్తారు. ఎక్కడైనా వంకర వస్తే ఊడదీసి మళ్ళీ అంటించుకోవచ్చు. మరీ బలహీనమైన గుడ్డయితే వెనకంతా ఇంకో బట్ట వేసి, అక్కడక్కడా టాకాలేసి, బరువు ఆ కొత్త బట్ట మోసేలా చూస్తారు.

వెలుతురుది ఇంకో పెద్ద లెక్క. పాత బట్టల మీద 50 లక్స్ మించకూడదని మ్యూజియంల నియమం. మనింట్లో పగటిపూట కిటికీ పక్కన దీనికి ఎన్నో రెట్లుంటుంది. వెలుతురు చేసిన నష్టం కూడుతూ పోతుందే తప్ప, తిరిగి మానదు. అందుకే కొన్ని నెలలు గోడ మీద ఉంచి, తర్వాత దించి చీకట్లో విశ్రాంతినిస్తారు.

డీ మనసులో గోడంటే భద్రత. మ్యాగీ చేతిలో ఐదేళ్ళలో పోయేది గోడ మీద శాశ్వతంగా ఉంటుందని ఆమె లెక్క. ఆ లెక్క తప్పు. ఎండ పడే గోడకి నాలుగు మేకులతో కొడితే గోడ కూడా వాడకమే. కప్పుకోవడానికి బదులు చూపుతో, వెలుతురుతో, బరువుతో వాడటం. తేడా ఒక్కటే, ఆ అరుగుదలలో ఎవరికీ వెచ్చదనం దక్కదు.

*

పై పద్ధతుల జాబితాలో నాకు ముఖ్యంగా తోచినది వేరే ఉంది. సుళువైన పద్ధతులకి సుత్తి చాలు. మంచి పద్ధతులన్నిటికీ సూది కావాలి. బొంతని సరిగ్గా వేలాడదీయాలంటే దాన్ని కుట్టడం వచ్చినవాళ్ళు కావాలి.

"అదిగో, డీకి సూదే పట్టడం రాదు, మ్యాగీకి వచ్చు" అని ఇక్కడ వెంటనే అనేయొచ్చు. తొందరపడొద్దు. కథ మొదట్లోనే, డీ చిన్నప్పటి సంగతులు చెప్తూ, తల్లి ఒక వివరం జారవిడుస్తుంది. ఎవరో తనకిచ్చిన పాత సూటుని డీ ఆకుపచ్చ సూటుగా కుట్టుకుంది, దానికి మ్యాచింగ్ చెప్పులు కావాలంది. ఈ వివరాన్ని మనం డీ సోకులకి రుజువుగా చదివి దాటిపోతాం. ఇంకోసారి చూడండి. ఎవరో కట్టి వదిలేసిన గుడ్డ. దాన్ని విప్పి, కత్తిరించి, తన ఒంటికి సరిపడా కొత్తదిగా కుట్టుకున్న పేద పిల్ల. బొంత సూత్రమే కదా ఇది? అమ్మమ్మ పాత గౌన్లతో చేసిన పనే మనవరాలు పాత సూటుతో చేసింది. కాకపోతే కప్పుకోవడానికి కాక, బయటికి వెళ్ళడానికి కుట్టుకుంది.

కాబట్టి డీకి సూది వచ్చు. పైగా చేతికుట్టు విలువా తెలుసు. తల్లి వేరే బొంతలు తీసుకోమంటే, వాటి అంచులు మిషను మీద కుట్టారని వద్దంటుంది. ఆ కుట్టయితే ఇంకా గట్టిగా ఉంటుందన్నది తల్లి వాదన. ఇద్దరూ కుట్టు గురించే మాట్లాడుతున్నారు, కానీ ఒకరికి అది మన్నిక, ఇంకొకరికి సంతకం.

ఇప్పుడు ఊహించండి. డీ ఆ బొంతకి స్లీవ్ కుట్టాలి. బొంతని బోర్లా పరుచుకోవాలి. రంగులు కనపడవు, తల్లీ పెద్దమ్మా వేసిన కుట్ల వెనకవైపు కనపడుతుంది, ఎక్కడ ముడి పడిందో, ఎక్కడ దారం అయిపోయి కొత్తది మొదలుపెట్టారో. వాటి పక్కనే తన కుట్టు వేయాలి, ముందుకి రాకుండా. అతికిన అమ్మమ్మ, కుట్టిన ఇద్దరు అక్కచెల్లెళ్ళ తర్వాత నాలుగో చెయ్యి తనదవుతుంది. గోడ మీద బొంత చూసి మెచ్చుకునే ఏ స్నేహితుడికీ ఆ కుట్టు కనపడదు.

డీ ఆ పని చేసి ఉండేదా? కథలో ఉన్న డీని బట్టి నాకు అనుమానమే. కాలేజీకి వెళ్ళేటప్పుడు తల్లి ఒక బొంత ఇవ్వబోతే పాతకాలపుదని వద్దన్న అమ్మాయి. కానీ అనుమానం వేరు, తీర్పు వేరు. ఎలా అని తల్లి అడగలేదు, కథ అడగలేదు. ఆకుపచ్చ సూటు వివరాన్ని అక్కడ పెట్టి, వాకర్ ఆ తలుపు కొంచెం తెరిచే ఉంచిందని నా నమ్మకం. విమర్శకులే మూసేశారు.

*

"వేలాడదీస్తాను" అన్న మాట 1973లో గాల్లోంచి ఊడిపడలేదు. రెండేళ్ళ ముందు, 1971లో, న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో 'అబ్‌స్ట్రాక్ట్ డిజైన్ ఇన్ అమెరికన్ క్విల్ట్స్' అని ఒక ప్రదర్శన జరిగింది. జొనాథన్ హోల్‌స్టీన్, గెయిల్ వాన్ డర్ హూఫ్ అనే ఇద్దరు సేకరించిన క్విల్టుల్ని, మోడర్న్ పెయింటింగుల్లా, తెల్లగోడలకి వేలాడదీశారు. ఎంపికకి కొలబద్ద ఒక్కటే, దూరం నుంచి చూస్తే కంటికి ఎలా ఉందన్నది. కుట్టు ఎంత సన్నం, ఎవరు కుట్టారు, ఎందుకు కుట్టారు అన్నవి పక్కకెళ్ళాయి. ప్రదర్శన పెద్ద హిట్టు. క్విల్టుకి కళ హోదా వచ్చింది.

ఆ హోదా ఖరీదు గురించి మొదట గట్టిగా మాట్లాడినవాళ్ళలో పట్రీషియా మైనార్డి ఒకరు. వాకర్ కథ వచ్చిన 1973లోనే, ఫెమినిస్ట్ ఆర్ట్ జర్నల్‌లో ఆమె వ్యాసం వచ్చింది. మగ చిత్రకారుల పెయింటింగుల్ని గుర్తుచేస్తాయి కాబట్టి క్విల్టులు గొప్పవనడమేంటని నిలదీసింది. కుట్టిన ఆడవాళ్ళకి తాము చేస్తున్నది కళ అని బాగా తెలుసని, చాలామంది పేరూ తేదీ కూడా కుట్టుకున్నారని గుర్తుచేసింది. డీ విట్నీ ప్రదర్శన చూసిందని వాకర్ ఎక్కడా చెప్పదు. కానీ డీ గోడ ఎలాంటి గోడో అప్పటి పాఠకులు ఊహించుకోవడం కష్టం కాదు. ఆ గోడ మీద బొంత ముఖం మాత్రమే ఉంటుంది. వీపు గోడకి ఆనుకుని ఉంటుంది.

*

ఇక్కడితో ఆపేస్తే మనం కూడా గోడని విలన్ చేసి ఇంటికెళ్ళిపోతాం. అలబామాలో, నది మూడువైపులా చుట్టిన జీస్ బెండ్ అనే ఊరు దీనికి అడ్డం వస్తుంది. పెట్‌వే అనే భూస్వామి తోటలో బానిసలుగా ఉన్నవాళ్ళ వారసుల ఊరది. ఆ ఊరి యానీ మే యంగ్ కుట్టిన ఒక క్విల్ట్ కట్టెల మోపు మీద పరిచి ఉన్న ఫోటోని, రోలాండ్ ఫ్రీమన్ పుస్తకంలో చూసి, విలియం ఆర్నెట్ అనే సేకర్త ఆమెని వెతుక్కుంటూ వెళ్ళాడు. ఆ తర్వాత 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో, ఆపైన అదే విట్నీలో, జీస్ బెండ్ క్విల్టులు గోడలెక్కాయి. ఈసారి పేర్లతో సహా.

వాటిలో మిసౌరీ పెట్‌వే 1942లో కుట్టినది ఒకటుంది. చనిపోయిన భర్త పొలం బట్టల్ని విప్పి కుట్టింది, ఆయన్ని తలుచుకుంటూ ఆ కిందే పడుకోవడానికి. దాన్ని గోడ మీద చూడటంలో ఒక తప్పుచేస్తున్న భావం ఉంటుంది. ఒక మనిషి దుఃఖాన్ని నిలబెట్టి చూస్తున్నాం. అదే సమయంలో, ఆ గోడే లేకపోతే హైదరాబాద్‌లో కూర్చుని నేను ఆమె పేరు రాసేదాన్ని కాదు. గోడ వెచ్చదనం తీసుకుని పేరు ఇస్తుంది. ఆ బేరం న్యాయంగా జరిగిందా అంటే, 2007లో కొందరు కుట్టినవాళ్ళు తమకి రావాల్సిన వాటా రాలేదని కోర్టుకెళ్ళారు, 2008లో రాజీ కుదిరింది. గోడ మీద బరువు ఎవరు మోస్తున్నారన్న ప్రశ్న బట్టకే పరిమితం కాదన్నమాట.

గోడే వద్దనుకున్నవాళ్ళూ ఉన్నారు. ఎయిడ్స్‌తో పోయినవాళ్ళ కోసం కుట్టిన స్మారక క్విల్ట్‌లో ఒక్కో ముక్క 3 అడుగులు, 6 అడుగులు. మనిషిని పూడ్చే గొయ్యి అంత. 1987 అక్టోబర్‌లో వాషింగ్టన్ మైదానంలో 1,920 ముక్కల్ని నేల మీద పరిచారు. చదవాలంటే తల వంచాలి, కొందరికి మోకాళ్ళ మీద కూర్చోవాలి. ఇంకోవైపు ఫెయిత్ రింగ్‌గోల్డ్. 1972లో ఆమ్‌స్టర్‌డామ్ మ్యూజియంలో టిబెటన్ తాంకాలు చూసి, చుట్టి చంకన పెట్టుకుపోగల బట్ట చిత్రాల వైపు మళ్ళింది. తర్వాత బట్టలు కుట్టే వృత్తిలో ఉన్న తల్లితో కలిసి మొదటి క్విల్ట్ చేసింది. 1983 నుంచి కథలే రాసింది వాటి మీద. అవి పుట్టుకతోనే గోడవి. వాటిని కప్పుకుంటే అవమానం.

అంటే గోడా మంచమా అన్నది అసలు తగువు కాదు. ఈ వస్తువు ఏం అడుగుతోంది, దానికి నేను ఎంత పని చేయడానికి సిద్ధం అన్నది తగువు.

*

ఈ తగువు మా ఇంట్లోనూ నడిచింది. అమ్మమ్మ కుట్టిన బొంత ఒకటి అటక మీద నాఫ్తలీన్ ఉండల మధ్య ఉండేది. ఆవిడ చీరలు, తాతయ్య పంచెలు. ఫ్లాట్‌లో హాలు గోడ ఖాళీగా ఉంది, అక్కడ పెడదామని నేనంటే, "కప్పుకునేదాన్ని గోడకి కట్టడమేంటే, ఇదేమన్నా దేవుడి పటమా?" అంది అమ్మ. సరే నువ్వే కప్పుకో అంటే, "చిరిగిపోదూ!" అంది. కప్పుకోకూడదు, కట్టకూడదు, పారేయకూడదు. వారసత్వం మన ఇళ్ళలో చాలాసార్లు ఈ మూడు 'కూడదు'ల మధ్య అటక మీదే ఉండిపోతుంది. వాకర్ కథ మీద మనం చేసే వాదనల్లో ఈ అటక ఎక్కడా రాదు. మ్యాగీ, డీ ఇద్దరూ ఆ బొంతని పెట్టెలోంచి బయటికి తీస్తామంటున్నారు. ఆ విషయంలో ఇద్దరూ మనకంటే నయం.

చివరికి కుట్టింది అమ్మే. వెనక పాత దుప్పటి వేసి, అన్ని పొరలూ పట్టేలా టాకాలేసి, ఆ దుప్పటికి గొట్టం కుట్టింది. కుడుతూ ఏ ముక్క ఏ చీరదో చెప్పింది. అటక మీద ఉన్నన్నాళ్ళూ ఆ సంగతులు ఎవరూ ఎత్తలేదు. కిటికీకి ఎదురుగా లేని గోడకి పెట్టాం. చలికాలంలో దించుతాం.

*

మంచి పద్ధతికి మూడు గుణాలుండాలని ఇప్పుడు అనిపిస్తుంది. బరువు ఒక్క చోట పడకూడదు. మళ్ళీ దించగలగాలి. దించినప్పుడు వస్తువు ముందున్నట్టే ఉండాలి. చదవడానికీ ఇవే వర్తిస్తాయి. 'ఎవ్రీడే యూజ్'ని ఇన్నాళ్ళుగా మనం రెండు మేకులకి కొట్టి ఉంచాం. ఒకటి సంప్రదాయం, ఇంకోటి వాడకం. కథ మొత్తం బరువు ఆ రెండు మాటల మీదే వేలాడుతోంది, మధ్యలో ఉన్నదంతా జారిపోయింది. ఆ జారినదాంట్లో ఆకుపచ్చ సూటుంది. కాలిన ఇంటి ముందు నిలబడి ఆ మంటల్ని చూసిన డీ ఉంది. అమ్మమ్మని గుర్తుంచుకోవడానికి తనకి బొంతలు అక్కర్లేదని, అక్కనే తీసుకోమని చెప్పిన మ్యాగీ కూడా ఉంది.

బొంతలు మ్యాగీకి ఇవ్వడం సరైనదే. మాటిచ్చిన తల్లి మాట నిలబెట్టుకుంది, ఎప్పుడూ ఏదీ దక్కని పిల్లకి ఒకటి దక్కింది. అందులో నాకు సందేహం లేదు. సందేహమల్లా, ఆ న్యాయాన్ని అడ్డుపెట్టుకుని డీని కొట్టిపారేయడం మీద. చదువుకుని ఊరొదిలి, భాషనో పాటనో బొంతనో వెనక్కొచ్చి అడుగుతున్న మనలాంటి ప్రతివాళ్ళకీ "నీకు హక్కు లేదు" అన్న జవాబు సరిపోదు. ఈ పత్రిక చదివేవాళ్ళలో మ్యాగీలు తక్కువ. మనల్ని అడగాల్సింది ఎలా వేలాడదీస్తావని. సూది పడతావా, సుత్తా? దించి విశ్రాంతినిస్తావా? వెనకవైపు ఎప్పుడైనా చూస్తావా?